టోకెన్ల కుదింపు గారికి ప్లీడరు గుమస్తా విన్నపం

మహారాజశ్రీ కుదింపు గారి సముఖానికి, శ్రీకాకుళం నుంచి ఒక ప్లీడరు గుమస్తా రాసుకున్న విన్నపం.

తమరు మా ఆఫీసులో అడుగుపెట్టింది బిల్లు పుణ్యమా అని. మా ప్లీడరు గారి అబ్బాయి ఒక ఏఐ ఏజెంటును తెచ్చి పెట్టాడు. పాత దస్తావేజులు స్కాన్ చేసి ఇస్తే చదువుతుంది, లింకు డాక్యుమెంట్లు చూస్తుంది, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీతో సరిపోల్చి లొసుగులు చెబుతుంది. బాగానే ఉంది అనుకుంటుండగా నెల తిరిగింది, బిల్లు వచ్చింది. అబ్బాయి మొహం మాడిపోయింది. "ఏఐ మాటల్ని టోకెన్లనే ముక్కలుగా కోసి చదువుతుంది, బిల్లు ముక్కల లెక్కన. తెలుగుకి టోకెన్లు తెగ అవుతున్నాయి బాబాయ్, కుదించి పంపిద్దాం" అన్నాడు. అలా తమరు దయచేశారు.

మొదటి రోజు తమరి పనితనం చూసి నేనే మురిసిపోయాను. "నా యొక్క పూర్తి మనఃపూర్వకముగాను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండాను, స్థిరబుద్ధితోను" అంటూ సాగే పేజీలన్నీ తమరి చేతిలో పడి రెండు లైన్లయ్యాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా ఇది. వాడుక భాషలో రాయండ్రా అని ఆయన జీవితమంతా పోరాడినా వినని దస్తావేజు లేఖరులు మావాళ్లు. వాళ్ల నోరు మూయించిన ఘనత తమరిదే.

ఆ తర్వాత ఉద్దానం పెద్దాయన కాగితం వచ్చింది. పాతకాలం అమ్మకం. అసలులో ఇలా ఉంది: "దక్షిణపు గట్టు మీది కొబ్బరి చెట్ల ఫలసాయం తప్ప, తక్కిన సమస్త హక్కులతో సహా మీకు విక్రయించడమైనది." తమరు కుదించి ఏజెంటుకు అందించింది ఇది: "దక్షిణ గట్టు కొబ్బరి చెట్లు, ఫలసాయం, సమస్త హక్కులు విక్రయం."

రెండక్షరాల 'తప్ప' తప్పించారు. చెట్లు చేతులు మారిపోయాయి.

అంతటితో ఆగారా? హద్దుల్లో తూర్పున గోర్జి, అంటే బండి వెళ్లే సందు దారి, పడమరన చెరువు గట్టు, మిగతా రెండు వైపులా అమ్మకందారుల మిగులు భూమి. ఒకే మాట రెండుసార్లు ఎందుకని ఉత్తరం హద్దు ఎగరగొట్టారు. గోర్జి అంటే ఏమిటో తెలియక దాన్నీ వదిలేశారు. ఏజెంటు ఇచ్చిన రిపోర్టులో భూమికి రెండే దిక్కులు. అది చదివి వినిపిస్తే పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని లేచి నిలబడ్డాడు. "ఏటి బాబూ, మా గోర్జి ఏటయిపోనాది? బండి ఎలాగెల్తాది?" నేనేం చెప్పను? టోకెన్లు మిగిలాయి తాతా అనమంటారా?

తమరి పద్ధతి అబ్బాయిని అడిగి తెలుసుకున్నాను. 2023లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎల్‌ఎల్‌ఎమ్‌లింగ్వా అని ఒకటి తెచ్చారట, 20 రెట్ల దాకా కుదించవచ్చన్నారట. ఒక చిన్న ఏఐ మోడల్ కాగితాన్ని ముందుగా చదువుతుంది. తర్వాత ఏ మాట వస్తుందో తేలిగ్గా ఊహించగలిగితే ఆ మాట దండగ, తీసేయొచ్చు. మా ఆఫీసులో దిగిన సరుకు వేరేలెండి, పేరు అనవసరం. కానీ ఊహకు అందే మాట అక్కర్లేని మాట అవుతుందా? దస్తావేజులో ఊహకు అందేవే కోర్టులో నిలబడతాయి. నాలుగు హద్దులు ఉంటాయని పసిపిల్లాడైనా ఊహిస్తాడు, అలాగని మూడోది రాయడం మానేస్తామా?

పైగా తమరి వంశ చరిత్ర కూడా విన్నాను. ఈ మోడళ్లలో చాలావాటికి మాటల్ని టోకెన్లుగా కోసే బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్ పద్ధతి ఉందే, అది 1994లో ఫిలిప్ గేజ్ అనే ఆయన డేటా కుదించడానికే కనిపెట్టాడట. అంటే కోసేదీ మీవాళ్లే, కోసినందుకు బిల్లు పెరిగితే తగ్గిస్తామని వచ్చేదీ మీవాళ్లే! 'శ్రీకాకుళం' ఇంగ్లీషులో 10 అక్షరాలు, కంప్యూటరు దాచుకునే కొలతలో 10 బైట్లు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు విడదీస్తే అవీ 10 గుర్తులే, కానీ గుర్తుకు 3 బైట్ల చొప్పున 30. ఎక్కువగా ఇంగ్లీషు చదివి కోయడం నేర్చిన కత్తి మా మాటల్ని తునకలు చేసేసేది. 2024లో జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ వాళ్లే చూపించారు: ఒకే విషయానికి తెలుగులో 159 టోకెన్లు పట్టేవి 45కి దిగాయి, ఇంగ్లీషులో 27 ఉన్నవి 24 అయ్యాయి. గమనించారా, ఒక్క 'తప్ప' కూడా తీయకుండా తగ్గించారు. కోసే కత్తిని మార్చారు, అంతే.

ఇక అసలు దుబారా ఎక్కడుందో చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మా ఏజెంటు గారు ఒక్కో అడుగు వేసేముందు మొదటి నుంచీ జరిగినదంతా మళ్లీ చదువుతారు. 10,000 టోకెన్ల దస్తావేజు పట్టుకుని 20 అడుగులు వేస్తే, ఆ ఒక్క కాగితానికే 2 లక్షలు. ఈసీలో తేదీ చూడటానికి కూడా దస్తావేజు మొత్తం ఇంకోసారి! ఏ గుమస్తా అయినా ఇలా చేస్తే మా ప్లీడరు గారు సాయంత్రానికల్లా సాగనంపేవారు. మొదటి భాగం అక్షరం మారకుండా ఉంటే తిరిగి చదివినదానికి రాయితీ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. తమరేమో ప్రశ్న మారినప్పుడల్లా పైనుంచి కొత్తగా కుదించి పంపుతారు. అక్షరం మారింది, రాయితీ పోయింది. పొదుపు చేయడానికి వచ్చి పొదుపుకే ఎసరు పెట్టారు.

అబ్బాయితో ఒక ఒప్పందానికి వచ్చాను. ఏ అడుగుకు ఏ పేజీ కావాలో అదే పంపుతాడు, పంపింది ఉన్నదున్నట్టు పంపుతాడు. తమరిని పూర్తిగా వెళ్లగొట్టడానికి నాకూ మనసొప్పలేదు. పెద్దాయన కేసు సోమవారం వాయిదా. అప్పటిదాకా హద్దులు రాసే షెడ్యూలు పేరా జోలికి, 'తప్ప', 'మినహా', 'కాకుండా' ఉన్న వాక్యాల జోలికి రాకండి. స్థిరబుద్ధి, మనఃపూర్వకం, పుత్రపౌత్ర పారంపర్యం ఉన్న పేజీలన్నీ తమరివే, సుబ్బరంగా ఆరగించండి.

ఇట్లు,
హద్దులన్నీ నోటికొచ్చిన గుమస్తా