ఒక్క తీగ, ఇంటినిండా వారసులు

టెలిఫోను తీగ మీదుగానే ఇంటర్‌నెట్ వచ్చిన డయలప్ రోజుల మాట ఇది. ఇంటి కంప్యూటర్‌కు దాన్ని పెట్టుకోదలచినవారు ముందుగా సాంకేతిక పుస్తకాలు తిరగేసేవారు. దండగ. తిరగేయవలసింది ఆస్తి పంపకాల చట్టాలు. ఉన్న టెలిఫోను తీగ ఒక్కటే. దాని మీద హక్కు మాత్రం ఇంటిల్లిపాదికీ ఉంది. ఈ మౌలిక సత్యాన్ని, కంప్యూటర్‌ను ఆ తీగకు కలిపే మోడెం అనే పరికరం డబ్బా మీద ఎక్కడా ముద్రించకపోవడం దారుణమని నా నిశ్చితాభిప్రాయం.

అసలు తగవు కంప్యూటర్ లోపలే మొదలవుతుంది. మౌసు, మోడెం లాంటివి తగిలించే సీరియల్ పోర్టుల్లో కామ్ 1, కామ్ 3 అని రెండుంటాయి. పేర్లు వేరైనా కంప్యూటర్‌ను పలకరించడానికి మామూలుగా రెండింటికీ గుమ్మం ఒక్కటే, ఐఆర్‌క్యూ 4. కామ్ 1లో మౌసు కాపురముండగా కామ్ 3లో మోడెంను దించామనుకోండి, ఇది నోరు తెరవగానే అది బిగుసుకుపోతుంది. బాణం గుర్తు తెర నడిమధ్య అలిగి కూర్చుంటుంది. ‘రద్దు’ బొత్తాం కళ్ళెదుటే ఉంటుంది, అక్కడికి వెళ్ళే దారే ఉండదు. మోడెంను కామ్ 2కు మారిస్తే గొడవ సద్దుమణుగుతుంది. ఈ ఒక్క ముక్క తెలుసుకోవడానికి నాకు ఒక ఆదివారం పూర్తిగా ఖర్చయింది.

తర్వాత కంప్యూటర్ మనల్ని విచారిస్తుంది. డేటా బిట్లు ఎన్ని? పారిటీ ఉందా? స్టాప్ బిట్లు ఎన్ని? జవాబు చెప్పగలవారు మా వంశంలో ఏడు తరాల్లో లేరు. అది తానే నింపి ఉంచిన ‘8, లేదు, 1’ని కదపకుండా, లోతుగా ఆలోచించినట్టు ముఖం పెట్టి ముందుకు సాగాలి. పాస్‌వర్డ్ నక్షత్రాలుగా కనిపిస్తుంది కాబట్టి మనం కొట్టింది తప్పని 691 సంఖ్య గల చీవాటు పడ్డాకే తెలుస్తుంది. క్యాప్స్ లాక్ దీపం వైపు చూడాలన్న బుద్ధి నాలుగో చీవాటుకు గాని పుట్టదు.

ఇక డయల్ చేయగానే మోడెం పెట్టే ఆ అరుపు. వినేవారికి గోలే గాని, అందులో ఒక మర్యాద ఉంది. అవతలి మోడెం ముందుగా 2100 హెర్ట్జ్ దగ్గర ఒక కూత పెడుతుంది. దారిలో ప్రతిధ్వనిని అణచే పరికరాలు కాస్త తప్పుకోవాలని దాని భావం. ఆపైన రెండు మోడెంలూ తీగ ఎంత మోయగలదో గీపెట్టి బేరమాడుకుంటాయి. 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా, మనిషి గొంతు పట్టేంత కొలిచి వేసిన సందు అది. 1998 నాటి వి.90 ప్రమాణం పుణ్యమా అని డబ్బా మీద 56 కేబీపీఎస్ అని, అంటే సెకనుకు 56 వేల బిట్లని, ఘనంగా ఉంటుంది. బేరం ముగిసేసరికి తెర మీద 44 తేలుతుంది.

సెట్టింగుల్లో ‘ఎం0’ అన్న ఆజ్ఞ చేరిస్తే మోడెం నోరు మూసుకుంటుందని కొందరు సలహా ఇస్తారు. నేను దానికి బద్ధవ్యతిరేకిని. తీగ ఆక్రమణలో ఉన్నదని ఇంట్లోవారికి చేసే బహిరంగ దండోరా ఆ అరుపొక్కటే. దండోరాతో పాటు ఫోను పక్కన ఒక కాపలా మనిషి కూడా ఉండాలి. లేకపోతే ఏం జరుగుతుందో స్వానుభవంతో చెబుతాను.

4 ఎంబీల పాట ఒకటి దించుకుంటున్నాను. సెకనుకు 5 కిలోబైట్ల (బైటుకు ఎనిమిది బిట్లు) చొప్పున అంతా సవ్యంగా సాగితే 13 నిమిషాలు దాటుతుంది. 97 శాతం అయింది. ఊపిరి కూడా మెల్లగా తీస్తున్నాను. లైను కలిసి ఉందనడానికి గుర్తుగా తెర మూలన మినుకుమినుకుమంటున్న రెండు బుల్లి కంప్యూటర్ల బొమ్మలు ఉన్నట్టుండి మాయమయ్యాయి.

“ఒరేయ్, ఫోనులో ఎవరో గొంతు పిసికినట్టు అరుస్తున్నారురా!” అని లోపలి గదిలోంచి మా పెద్దమ్మ.

నేను మారు మాట్లాడలేదు. మళ్ళీ డయల్ చేసి, సున్నా నుంచి మొదలుపెట్టాను. 3 శాతానికి వచ్చేసరికి, పాపం ఆ అరిచే మనిషికి ఎలా ఉందో కనుక్కుందామని పెద్దమ్మ మళ్ళీ రిసీవర్ ఎత్తింది.