డీపీఎఫ్ మూసుకుపోతే తప్పు ఫిల్టర్‌ది కాదు

డీజిల్ కారులో డీపీఎఫ్ (డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్) లైటు వెలగ్గానే ఓనర్‌కు దొరికే సలహాలు రెండే. ఫిల్టర్ క్లీన్ చేయించు, లేదంటే పీకించెయ్. ఎందుకు మూసుకుపోయిందని అడిగేవాళ్లు తక్కువ. అసలు మొదట అడగాల్సింది అదే.

పొగలోని మసిని పట్టి ఉంచి, తర్వాత కాల్చేయడమే ఈ ఫిల్టర్ పని. హైవే మీద నిలకడగా వెళ్తుంటే పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజిన్ కంప్యూటర్ అదనంగా డీజిల్ చిమ్మించి, ఫిల్టర్‌లో వేడిని దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు తీసుకెళ్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. రోజూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగి ఆపేసే కారులో ఇది పూర్తికాదు. పదేపదే మొదలై ఆగిపోతుంటే కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతోందంటే వెంటనే చూపించాలి. పలచబడిన ఆయిల్‌తో బేరింగులు, టర్బో అరిగిపోతాయి.

లైటు మొదటిసారి వెలిగితే టెన్షన్ పడక్కర్లేదు. మాన్యువల్‌లో చెప్పినట్టు కాసేపు ఆపకుండా నడిపితే చాలాసార్లు ఆరిపోతుంది. ఆరకుండా ఇంజిన్ లైటు కూడా వెలిగితే మాత్రం అలాగే లాగించకూడదు. మసి మరీ పేరుకున్నాక కాల్చబోతే ఫిల్టరే పగలొచ్చు. అప్పుడు మెకానిక్ స్కానర్‌లో మసి లెక్క ఒక్కటే చూస్తే సరిపోదు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ ఇరుక్కుందా? ఇంజెక్టర్ కారుతోందా? టర్బో నుంచి ఆయిల్ వస్తోందా? థర్మోస్టాట్ మూసుకోక ఇంజిన్ వేడెక్కడం లేదా? ప్రెషర్ సెన్సర్ తప్పు చెబుతోందా? ఇవేవీ చూడకుండా క్లీన్ చేస్తే డబ్బు వదిలిపోతుంది, లైటు మళ్లీ వెలుగుతుంది.

బూడిద సంగతి వేరు. ఇంజిన్ ఆయిల్ అడిటివ్‌ల నుంచి వచ్చే ఆ బూడిద ఎంత వేడికీ పోదు. ఫిల్టర్ విప్పి కడిగించాలి, లేదా మార్చాలి. అందుకే కంపెనీ చెప్పిన, బూడిద తక్కువ వచ్చే లో సాప్స్ ఆయిలే పోయించాలి.

ఇక పీకించేయడం. దీన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం. డబ్ల్యూహెచ్‌ఓకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ తెప్పించేవాటి జాబితాలో చేర్చింది. మన రిపేరు ఖర్చు తప్పించుకోవడానికి ఆ మసిని రోడ్డు మీద నడిచే పిల్లల చేత పీల్పిస్తామా?

అమ్మేవాళ్లను కూడా అడగాలి. మైలేజీ గురించి అంత వివరంగా చెప్పేవాళ్లు, రోజుకు ఎంత దూరం తిరుగుతారని కొనేవాళ్లను ఎందుకు అడగరు? ఊళ్లో తిరగడమే ఎక్కువైతే డీజిల్ వద్దు, పెట్రోల్ కారు తీసుకోండని చెప్పాల్సింది వాళ్లే.