బోనాలు ఒక్క ఆదివారంతో ముగియవు

హైదరాబాద్‌లో ఏటా జరిగే ఉత్సవాలపై ప్రచురితమైన ఒక వ్యాసంలోని పట్టికలో బోనాలకు ఒకే ఒక్క ఆదివారాన్ని చూపడం వల్ల, పొరుగూళ్ల నుంచి వచ్చే పాఠకులు పొరబడే ప్రమాదం ఉంది. ఆషాఢంలో గోల్కొండ కోటలోని జగదాంబిక అమ్మవారికి తొలి బోనం సమర్పించాక, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి జాతర, ఆ తరువాత పాతబస్తీలో లాల్‌దర్వాజ సింహవాహిని బోనాలు వేర్వేరు వారాల్లో జరుగుతాయి కనుక, ఆ నెలంతా ఏదో ఒక పేటలో డప్పు మోగుతూనే ఉంటుంది. 2014లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించిన సంగతిని వ్యాసం సరిగానే పేర్కొంది.

అయితే సికింద్రాబాద్‌లో సోమవారం నాటి రంగం ప్రస్తావనే లేకపోవడం నాకు పెద్ద లోటుగా తోచింది. పచ్చి కుండపై నిలబడిన స్త్రీ, వానల గురించీ పంటల గురించీ అడిగిన ప్రశ్నలకు భవిష్యవాణి పలుకుతుంటే, ముందురోజు బోనమెత్తిన ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి వింటారు.

వ్యాసంతో ప్రచురించిన చిత్రంలోనిది ఇత్తడి బోనం. మా అమ్మ మాత్రం ఇప్పటికీ కొత్త మట్టికుండకే పసుపు కుంకుమలు అద్ది, వేపమండలు చుట్టి, బెల్లం పరమాన్నం నింపి, పైన దీపం పెడుతుంది. ఆషాఢపు తుంపరకు ఆ దీపం ఆరకుండా పక్కన గొడుగు పట్టుకుని నడిచే పని నాది.