మీటరు కూసినా పని ఆగదు

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీలో పద్నాలుగు నెలలు కాంట్రాక్టు మీద సేఫ్టీ పని చేశాను. మస్టరులో నా హోదా ఒక నెల 'టెక్నికల్ అసిస్టెంట్' అని, ఇంకో నెల ఉత్త 'సేఫ్టీ' అని ఉండేది. నా దగ్గరుండేవి నాలుగు గ్యాసులు చూపించే మీటరు, ఒక ఈల, ఒక రిజిస్టరు.

ఆషాఢంలో ఒక రోజు మార్కెట్ కాంప్లెక్సు సెప్టిక్ ట్యాంకు పొంగింది. సెస్‌పూల్ బండి వచ్చి నీళ్లు లాగేసింది. అడుగున గట్టిపడిన మడ్డి మాత్రం పైపులోకి రాలేదు. ఎవరో ఒకరు దిగి పారతో కదపాలన్నారు. మీటరుకు తాడు కట్టి దించాను. మూత దగ్గర ఆక్సిజన్ 20.9 శాతం. అడుగుకు చేరేసరికి 18.6. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు 24 పీపీఎం, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో 24 వంతులు. మీటరు కూత మొదలుపెట్టింది.

"ఏటంటంది బాబూ నీ డబ్బా?" అన్నాడు నడుముకు తాడు చుట్టుకుంటూ ఒక పెద్దాయన. నాకు చుట్టం కాదు గానీ, ఆ వయసు వాళ్లను మేం బాబాయ్ అనే పిలుస్తాం.

"కింద గాలి బాగోలేదు బాబాయ్. దిగొద్దు."

"మరి జమాదారు దిగమంటన్నాడు కదేటి?"

పని చేయించే జమాదారు ఆఫీసుకు ఫోన్ చేశాడు. "జాగ్రత్తగా చూసి చేయించండి" అన్నారట. బాబాయ్ దిగాడు. పది నిమిషాలకే తాడు పట్టి పైకి లాగాల్సి వచ్చింది. కళ్లు తిరిగి, వాంతి చేసుకుని, గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చుండిపోయాడు. రెండు రోజులు పనికి రాలేదు, రెండు రోజుల కూలీ పోయింది. ప్రాణం దక్కింది కాబట్టి ప్రమాదంగా ఎక్కడా నమోదు కాలేదు. రిజిస్టరులో రీడింగు రాసి సంతకం పెట్టాను. ఇంకేమైనా రాయడానికి అందులో గడి లేదు.

మీటరు కొన్నారు, దాన్ని పట్టుకోవడానికి మనిషిని పెట్టారు. పని ఆపే అధికారం మాత్రం ఆ మనిషికి ఇవ్వలేదు. స్థానిక సంస్థల్లో కార్మికుల భద్రత గురించి నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది.

చట్టం లేక కాదు. సరైన రక్షణ లేకుండా మనిషిని మురుగు కాలువలోకో సెప్టిక్ ట్యాంకులోకో దించడం, చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ పడొచ్చు. దాని కింద వచ్చిన నియమాల్లో 44 రకాల రక్షణ సామగ్రి జాబితా ఉంది. మనిషిని దించక తప్పదనుకుంటే స్థానిక సంస్థ ముఖ్య అధికారి కారణాలు రాసి మరీ అనుమతి ఇవ్వాలి. ఫోన్లో "చేయించండి" అనడం అనుమతి కిందికి రాదు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇలాంటి మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఒడిశా ప్రభుత్వం 2020లో గరిమ పథకం తెచ్చి పారిశుధ్య కార్మికుల పని గంటలను రోజుకు ఆరుకు తగ్గించింది. ఇవన్నీ మంచి పనులే, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ మూత తీసిన క్షణంలో అక్కడ నిలబడి ఈ నియమాలను అమలు చేయాల్సిన మనిషి ఎవరు?

ఫ్యాక్టరీలకైతే జవాబుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ప్రకారం 500 మంది పనిచేసే ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. ప్రమాదకర ఫ్యాక్టరీలకు, నిర్మాణ పనులకు ఆ సంఖ్య 250, గనులకు 100. ఆ వరుసలో మున్సిపాలిటీ లేదు. అమెరికాలోనూ 1970 నాటి చట్టం రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల ఉద్యోగులను పక్కన పెట్టింది. సొంత భద్రతా ప్రణాళిక పెట్టుకున్న రాష్ట్రాల్లోనే వాళ్లకు ఆ రక్షణ దొరుకుతుంది. అందరికీ నియమాలు పెట్టే ప్రభుత్వాలు తమ దగ్గర పనిచేసేవాళ్ల దాకా వచ్చేసరికి వెనకాడడం అన్నిచోట్లా ఉన్నట్టుంది. అయితే అక్కడి నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. ఇరుకు గోతుల్లోకి దిగే పనులకు అక్కడ 1993లో వచ్చిన నిబంధన, బయట కాపలా ఉండే అటెండెంటుకు ఒక బాధ్యత అప్పగించింది. ప్రమాదం కనిపిస్తే లోపలి వాళ్లను వెంటనే పైకి రమ్మని ఆదేశించాలి. హోదాలో చిన్నవాడే, కానీ ఆ ఆదేశం ఇవ్వడానికి ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు.

సామగ్రి కొంటే చాలదా, మనిషి ఎందుకు అనేవాళ్లకు గ్యాసు సంగతి చెప్పాలి. మీథేన్ గాలి కంటే తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున ఉంటుంది. అందుకే పైన, మధ్యలో, కింద మూడుచోట్లా చూడాలి. మొదట కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసన తెలియకుండా పోతుంది. వాసన తగ్గింది కదా, పరవాలేదని ఇంకో మెట్టు దిగుతారు. ఇంకో సంగతి, మడ్డి కదలనంతసేపు మీటరు శుభ్రంగానే చూపించవచ్చు. పార పడగానే లోపల చిక్కుకున్న గ్యాసంతా ఒక్కసారి బయటికొస్తుంది. కాబట్టి ఒకసారి రీడింగు తీసి టీ తాగడానికి వెళ్లిపోయే పని కాదిది. పడిపోయినవాడి కోసం ఆత్రంగా రెండోవాడు దిగి, అతని కోసం మూడోవాడు దిగి, ఒకే గోతిలో ఇద్దరు ముగ్గురు పోవడం మనం పేపర్లో ఎన్నిసార్లు చదవలేదు?

మా సరిహద్దులో దీనికి భాష కూడా తోడవుతుంది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మున్సిపల్ పని చేసే కుటుంబాల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. తరాల క్రితం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన రెల్లి కులం కుటుంబాలు అందులో ఉన్నాయి. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడతారు. చదవడం దగ్గర పెద్దవాళ్లకు ఒడియా రాదు, తెలుగూ రాదు. హెచ్చరిక బోర్డు ఒడియాలో, మీటరు తెర మీద ఇంగ్లీషు, ట్రైనింగ్ వీడియో హిందీలో. బాబాయ్‌కి మాత్రం పాత పద్ధతి ఒకటి తెలుసు. గోతిలోకి దీపం దించితే, ఆరిపోతే చెడ్డగాలి అని. మీథేన్ ఉన్నచోట అదే దీపం గోతిని పేల్చేస్తుందని ఆయనకు ఇంటి మాటలో చెప్పినవాళ్లు అప్పటిదాకా లేరు. ఆయన విని, కాసేపు ఊరుకుని, "మా నాన్న దించేవోడు బాబూ" అన్నాడు. ఆ తర్వాత దీపం మాట ఎత్తలేదు.

ఎండాకాలం, తుఫాను రోజులు ఇంకో ఎత్తు. 1998లో ఒడిశాలో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అలాంటి గాలివాన మర్నాడు రోడ్డు మీద చెట్లు నరికేది మున్సిపల్ మనుషులే. కరెంటు తీసేశారులే అని తెగిన తీగ పక్కకు లాగుతారు. ఏ ఇంటి జనరేటరు నుంచో ఆ తీగలోకి కరెంటు వెనక్కి వస్తుంది. అది చూసుకునే పని కూడా ఎవరికీ అప్పగించలేదు.

మనుషులు దొరకరనడం నేను నమ్మను. ఇక్కడి ఐటీఐ పిల్లలు, సేఫ్టీ డిప్లొమా చేసినవాళ్లు వైజాగ్ ఫార్మా కంపెనీలకూ గల్ఫ్‌కూ వెళ్తున్నారు. తెలుగు, ఒడియా రెండూ వచ్చిన పిల్లలు వాళ్లు. పేరున్న పోస్టు, నెలనెలా పడే జీతం ఇస్తే ఇక్కడే ఉంటారు. ఆ పోస్టు శానిటరీ ఇన్‌స్పెక్టర్ కింద ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. పని త్వరగా అవ్వాలన్న టెన్షన్ ఉన్న మనిషి కిందే పని ఆపాల్సినవాణ్ని పెడితే, ఆపిన మర్నాడు వాడి కాంట్రాక్టు ఆగుతుంది. వాడు నేరుగా కమిషనర్‌కో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌కో జవాబు చెప్పాలి. ఆపిన రోజు కార్మికుడి కూలీ కూడా పోకూడదు. కూలీ పోయే చోట కార్మికుడే "పరవాలేదు బాబూ, దిగుతాను" అంటాడు. నాతో చాలాసార్లు అన్నారు.

మానేసే ముందు ఒక చీటీ నమూనా తయారుచేసి ఇచ్చాను. మూడుచోట్ల రీడింగు, సమయం, 'పని ఆపించాను' అన్న గడి, మళ్లీ మొదలుపెట్టమన్న అధికారి సంతకం. పైన ఒడియా, కింద తెలుగు, చదవలేనివాళ్ల కోసం ఎర్రటి చెయ్యి బొమ్మ. అది ఇప్పటికీ ఫైల్లోనే ఉంది.

మొన్న సంతలో బాబాయ్ కనిపించాడు. "ఆ డబ్బా నీతో అట్టుకెళిపోనావేటి బాబూ? మళ్లీ ఎవరూ దించట్లేదు" అన్నాడు. లేదు బాబాయ్, ఆఫీసు బీరువాలో ఉంది అని చెప్పాను. తాళం ఎవరి దగ్గరుందో కూడా చెప్పాను.