అసలు మద్రాసు నుంచి థండర్ ఎగ్ గారికి ఒక ఉత్తరం

పైకి గుండ్రటి రాయి, పేరుకి 'ఉరుము గుడ్డు' అయిన మహారాజశ్రీ థండర్ ఎగ్ గారి సముఖమునకు,

చెన్నై, కోడంబాక్కం నుంచి తమ భక్తుడు వ్రాయునది. ఉభయకుశలోపరి. నేనూ, రాళ్లు కోసే నా రంపమూ క్షేమం. కింద ఫ్లాట్ వాళ్ల క్షేమం గురించి హామీ ఇవ్వలేను.

తమరి పుట్టిల్లు అమెరికాలో ఒరెగాన్. అందులోనూ మద్రాస్ అనే ఊరి చుట్టుపక్కల తమరు తట్టలకొద్దీ దొరుకుతారు. మా మద్రాసు బట్ట పేరే ఆ ఊరికి పెట్టారని చెప్పుకుంటారు. 1965లో ఆ రాష్ట్రం తమరిని రాష్ట్ర శిలగా కూడా ప్రకటించుకుంది. మరి అసలు మద్రాసుకి దక్కిందేమిటి? పరంగిమలై చార్నకైట్ అనే రాయి. దానికీ కలకత్తాలో సమాధి అయిన ఈస్టిండియా కంపెనీ దొర జాబ్ చార్నక్ పేరే. పోనీ, చార్నకైట్‌కి దాపరికం లేదు. ఎక్కడ కోసినా ఒకటే మొహం.

తమరిది అలా కాదే! పైకి మొటిమలు, బురద రంగు, రోడ్డు కాంట్రాక్టరు కూడా వద్దనే వాలకం. లోపల చూస్తే రయొలైట్ అనే అగ్నిపర్వత శిల మధ్యలో నక్షత్రం ఆకారంలో బొరియ, అందులోకి సిలికా నీళ్లు చేరి పొరలు పొరలుగా అగేటు అనే రంగుల రాయి, అదృష్టం బాగుంటే ఓపల్ రత్నం. అదృష్టం బాగోకపోతే బూడిద రంగు ముద్ద. ఏది ఉందో పైనుంచి చూసి చెప్పడం ఎవరి తరం? హుడ్, జెఫర్సన్ పర్వతాల మీది ఉరుము దేవతలు కోపంతో తమరిని ఒకరి మీదికొకరు విసురుకున్నారని అక్కడి ఆదివాసుల కథ. ఆ కోపం నాకు అర్థమైంది. కోసి చూసుంటారు.

ఇక కోత. అంచున వజ్రపు పొడి అతికించిన బ్లేడు, దాని మీద ఆగకుండా నీళ్లు. పొడిగా కోస్తే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగి సిలికోసిస్ తెచ్చిపెడుతుంది కాబట్టి మాస్కు కూడా. మే నెలలో లారీ నీళ్లు కొనుక్కునే ఊళ్లో తమరికి అభిషేకం! "ఏమండీ, శివలింగానికి కూడా ఇన్ని పోయలేదు కదా?" అంటుంది మా ఆవిడ. బకెట్లో తెల్లటి బురద పేరుకుంటుంది. సింకులో పోస్తే గొట్టం పూడిపోతుంది, అది వేరే పంచాయితీ. చివరి అంగుళం దగ్గర ఊపిరి బిగబట్టి మెల్లగా నెడితే, సరిగ్గా తెగే ముందు టక్‌మని విరిగి అంచున చిన్న ముల్లు మిగులుతుంది. తడి గుడ్డతో తుడిస్తే నీలి అగేటు నిగనిగలాడుతుంది. అయిదు నిమిషాల్లో ఆరి వెలవెలబోతుంది. మళ్లీ ఆ మెరుపు కావాలంటే 80, 220, 400, 600 గ్రిట్‌లతో (అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గే పొళ్లు) వరసగా అరగదీయాలి, ఆఖర్న సీరియం ఆక్సైడ్ అనే పాలిష్ పొడి పట్టించాలి. 600 దగ్గర ఒక్క 80 గింజ మిగిలిందా, గీతలు పడి కథ మొదటికొస్తుంది.

మధ్యాహ్నం కింది ఫ్లాటాయన వచ్చి, "సార్, డెంటిస్ట్ షాపు పెట్టారా?" అని అడిగాడు. నున్నగా వచ్చిన ఒక ముక్క చేతిలో పెట్టాను. తిరగేసి, మరగేసి చూసి, "కోయకముందు ఎంత?" అన్నాడు. తమరి వ్యాపార రహస్యం ఆయనకి ఒక్క ప్రశ్నలో దొరికిపోయింది. పూర్తి డబ్బు ముందే కట్టించుకుని తరవాత మొహం చూపించడం పెళ్లిచూపుల్లో కూడా చెల్లదండీ.

కాబట్టి తమతో తెగతెంపులు చేసుకుంటున్నానని తెలియజేయడానికే ఈ ఉత్తరం.

ఇట్లు,
తమ మాజీ భక్తుడు

తా.క.: మా బావమరిది సంక్రాంతికి పోర్ట్‌లాండ్ నుంచి వస్తున్నాడు. వాళ్లక్కకి విటమిన్ సీసాలు వద్దని నేనే చెప్పేశాను. సూట్‌కేసులో ఆరేడు కేజీల చోటుంటుంది. తమ బంధువుల్లో కాస్త గుండ్రటివాళ్లెవరైనా ప్రయాణం పెట్టుకుంటారేమో కనుక్కోగలరు.