ఒంటికన్ను కెమెరా

టోల్ గేట్లు ఎత్తేసి ఫాస్టాగ్, కెమెరాలతోనే వసూలు చేస్తామని, వేగం మించినా ఎదురు దారిన వచ్చినా యంత్రమే పట్టేస్తుందని కేంద్రం చెబుతోంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల హైవే మీది వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు గేట్ల దగ్గర క్యూలో ఇరుక్కునేవారికి ఇది చల్లని కబురే. వేగానికి కళ్లెం పడితే ప్రాణాలు నిలుస్తాయన్న వాదననూ కాదనం. మరి రోడ్డు తప్పుకు చలానా రాసే యంత్రమేదీ?

చీమకుర్తి గ్రానైట్ దిమ్మెతో కృష్ణపట్నం పోయే లారీకి నాలుగు వరుసల హైవే మీద పరిమితి గంటకు 80 కిలోమీటర్లు. అంటే సెకనుకు 22 మీటర్లు. దాని ముందు వరిగడ్డి ట్రాక్టరు. ట్రాక్టరు లాగే ట్రక్కుకు వెనక లైటుండదు, మెరిసే టేపుండదు, నంబరు ప్లేటు ఉన్నా గడ్డి కింద దాక్కుంటుంది. వెనక నుంచి తీసే కెమెరాకు దొరికేది గడ్డే. దగ్గర్లో అండర్‌పాస్ లేక ఎదురు దారి పట్టిన రైతు బైకు మాత్రం ఇట్టే దొరుకుతుంది. అండర్‌పాస్ ఎందుకు కట్టలేదని కెమెరా అడగదు. బండి అమ్మినా ఆర్‌సీ మారకపోతే చలానా పాత యజమానికే పోతుంది.

అమెరికా 1997లో శాన్‌డియాగో దగ్గర సుమారు 12 కిలోమీటర్ల రోడ్డులో అయస్కాంతాలు పాతి, ఎనిమిది కార్లను ఆరున్నర మీటర్ల ఎడంతో వాటంతటవే నడిపించి చూపింది. కార్లు బాగానే నడిచాయి. ప్రమాదం జరిగితే బాధ్యత కారు కంపెనీదా, రోడ్డు వేసినవారిదా అన్న చిక్కుముడి వీడలేదు. మరుసటి ఏడాదికి ఆ పథకమే అటకెక్కింది.

మనకు నిబంధనలకు కొదవలేదు. మోటారు వాహన నిబంధన 167ఎ ప్రకారం కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, పరికరం ధ్రువపత్రాన్ని ఏటా పునరుద్ధరించాలి, 15 రోజుల్లో నోటీసు పంపాలి. వీటిలో వాహనదారుడికి తప్పక చేరేది నోటీసొక్కటే! రోడ్డు లోపంతో ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా కాంట్రాక్టరుకు, డిజైన్ చేసిన సలహాదారుకు, రోడ్డు సంస్థకు లక్ష రూపాయల దాకా జరిమానా అని చట్టంలోని 198ఎ సెక్షన్ 2019 నుంచీ చెబుతోంది. లారీ డ్రైవరు వేగం మించితే 2 వేల నుంచి 4 వేలు, అదీ క్షణాల్లో, ఫోటోతో సహా. లక్ష రూపాయల సెక్షన్‌కు మాత్రం కెమెరా లేదు, గడువు లేదు.

గేట్లు ఎత్తే ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో 198ఎ కింద ఎన్ని కేసులు పెట్టారో అధికారులు బయటపెట్టాలి. సున్నా అయితే సున్నా అనే చెప్పండి, సిగ్గుపడాల్సింది డ్రైవర్లు కాదు.