బ్రేక్ ఆయిల్‌కు లేని డబ్బు పాలిష్‌కు ఎక్కడిది?

పండగ సెలవులు దగ్గర పడితే చాలు, తిరుపతిలో రేణిగుంట రోడ్డు పొడవునా కార్ల సర్వీస్ సెంటర్లు కిటకిటలాడతాయి. బిల్లు చేతికొచ్చాక అందరూ అడిగేది ఒకటే: ఆయిల్ మార్చి, నీళ్లు కొట్టి ఇచ్చినందుకు ఇంతా? నా జవాబు ముందే చెప్పేస్తాను. సర్వీసింగ్‌కు డబ్బు కట్టాల్సిందే. కొండ కింద కాపురం ఉంటూ కార్లో కొండకు పోయి వచ్చేవాళ్లు ఇంకా శ్రద్ధగా కట్టాలి. నా పేచీ అంతా ఆ డబ్బు దేనికి పోతోందన్న దాని మీదే. ప్రాణం నిలబెట్టే పని, అంటే బ్రేక్ ఆయిల్ మార్చడం, ఆ బిల్లులో అన్నిటికన్నా చిన్న పద్దు. చాలా బిల్లుల్లో అదీ కనిపించదు.

సర్వీసింగ్‌లో ఏం చేస్తారో కారున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చాలా పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మారుస్తారు. ఎయిర్ ఫిల్టర్, ఏసీ ఫిల్టర్ దులిపి పెడతారు, పాడైతే కొత్తవి వేస్తారు. కూలెంట్, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ చూస్తారు. టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేసి అలైన్‌మెంట్ చేస్తారు. మొదట్లో ఫ్రీ సర్వీసు అంటారు గానీ ఫ్రీ అయ్యేది లేబర్ ఒక్కటే, ఆయిల్ డబ్బు మనదే.

వీటిలో ఆయిల్ గురించి ఒక్క మాట. ‘బండి ఏడాదిలో మూడు వేలు కూడా తిరగలేదు, ఆయిల్ ఎందుకు మార్చాలి?’ అనే వాదన మన ఊళ్లో బాగా నడుస్తుంది. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి స్కూలుకు తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే తాళం తీసేస్తాం. లోపల చేరిన తేమ, సగం కాలిన పెట్రోలు ఆవిరై పోకుండా ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. హైవే మీద పదివేలు తిరిగిన బండి కన్నా ఇలాంటి బండిలోనే ఆయిల్ త్వరగా చెడుతుంది. పైగా ఇప్పుడు చిన్న కార్లలోనూ టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే చక్రం) ఉన్న ఇంజిన్లు వస్తున్నాయి. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ టర్బో, పలుచటి ఆయిల్ పొర మీదే నిలబడి తిరుగుతుంది. చెడిన ఆయిల్‌తో దాన్ని తిప్పి, అది పోయాక కట్టే బిల్లు ముందు ఎన్నో ఏళ్ల సర్వీసింగ్ ఖర్చు దిగదుడుపే.

కారు కొన్నప్పుడు ఇచ్చిన మాన్యువల్‌ను గ్లవ్ బాక్సులోంచి ఒకసారి బయటికి తీయండి. చాలా మాన్యువల్స్‌లో సర్వీస్ పట్టిక పక్కనే కఠిన పరిస్థితులకు వేరే పట్టిక ఉంటుంది. దుమ్ము, విపరీతమైన ఎండ, తక్కువ దూరాల తిరుగుడు, కొండ దారులు. తిరుపతి కారుకు ఇవన్నీ వర్తిస్తాయి. చిత్తూరు వాళ్లకు మొగిలి ఘాట్ ఉంది, మదనపల్లె వైపు పోయేవాళ్లకు భాకరాపేట ఘాట్ ఉంది. అయినా సర్వీస్ సెంటర్లో ఎవరూ ‘మీరు నెలకెన్నిసార్లు ఘాట్ ఎక్కుతారు?’ అని అడగరు. అదొక్కటి అడిగితే మిగతా ఎస్టిమేట్ అంతా మారిపోవాలి.

ఎందుకంటే అసలు పరీక్ష దిగేటప్పుడే. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. తిరుమల నుంచి కొండ కింది అలిపిరికి వచ్చేసరికి బండి ఆరు వందల మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. ఐదుగురితో, సామాన్లతో పద్నాలుగు వందల కిలోలున్న కారు అంత ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి అంతా వేడిగా మారిందనుకోండి, దాంతో పాతిక లీటర్ల చన్నీళ్లు మరుగుతాయి. గేరు, గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకుంటాయి. డ్రైవరు మలుపు మలుపుకీ బ్రేకు తొక్కుతూ వస్తే మిగతాదంతా డిస్కులకు, ప్యాడ్లకు, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది.

బ్రేక్ ఆయిల్ గుణమే గాలిలోని తేమను పీల్చుకోవడం. కారు కదలకుండా షెడ్డులో ఉన్నా పీలుస్తూనే ఉంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్-3 అయితే 205 నుంచి 140కి. ఆయిల్ మరిగితే పైపుల్లో బుడగలొస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, అందుకే మన పాదం బలం చక్రానికి చేరుతుంది. బుడగ మాత్రం నలుగుతుంది. పెడల్ నేలకంటుతుంది, బండి ఆగదు. ఇందులో ఇంకో ఘోరం ఉంది. ఎలాగోలా బండి ఆపి అరగంట చల్లారనిస్తే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. పెడల్ గట్టిపడుతుంది. కిందికొచ్చి మెకానిక్‌కు చూపిస్తే ‘బ్రేకులు బ్రహ్మాండంగా ఉన్నాయి సార్’ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు.

చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఈ ఆయిల్ మార్చమంటాయి. ఖర్చు కొన్ని వందల రూపాయల పని, లేబర్‌తో కలిపినా సర్వీస్ బిల్లులో చిన్న ముక్క. మీ పాత బిల్లులు తీసి చూడండి, చివరిసారి ఎప్పుడు మార్చారో. నాకు తెలిసిన కార్ల యజమానుల్లో చాలామంది దగ్గర దీనికి జవాబు లేదు. అదే బిల్లులో ఇంజిన్ ఫ్లష్, ఇంజిన్ డ్రెస్సింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, టెఫ్లాన్ కోటింగ్, ఇంటీరియర్ పాలిష్ వరుసగా ఉంటాయి. వీటిలో చాలావాటి పేరు కూడా మాన్యువల్‌లోని సర్వీస్ పట్టికలో కనిపించదు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు కింది భాగానికి తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించుకోవడంలో అర్థముంది. మనకు దాన్ని అంత బలవంతంగా ఎందుకు అంటగడుతున్నారో ఎస్టిమేట్ రాసే సర్వీస్ అడ్వైజర్‌నే అడగాలి. అతనికీ నెలవారీ టార్గెట్ ఉంటుంది పాపం.

(కొండ దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసేవాళ్లకు: ఇప్పటి ఇంజిన్లు గేర్లో దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు సరఫరాను దాదాపు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజిన్ తిరగడానికి పెట్రోలు తాగుతుంది. రోజూ కొండకు ట్యాక్సీ తిప్పే డ్రైవర్లు రెండో గేరు ఊరికే పట్టుకుని దిగరు.)

ఇక సర్వీసింగ్ అంతా దోపిడీ అనేవాళ్ల మాట. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. మార్చని పార్టుకు బిల్లు వేయడం, బాగున్న ప్యాడ్లు అరిగాయని చెప్పడం జరగవని నేను వాదించను. ఐదేళ్లు షోరూం గడప తొక్కకుండా బండి నడిపినవాళ్లూ ఉన్నారు. అయితే వాళ్లలో కొందరు ఊరి మెకానిక్ దగ్గర ఆయిల్ మార్పించుకుంటూనే ఉంటారు, దాన్ని లెక్కలో చెప్పరు. అలా కూడా మార్పించనివాళ్ల బండి బాగానే నడుస్తోందంటే, పైన చెప్పిన బుడగ ఇంకా పుట్టలేదనే అర్థం.

మోసపోతామన్న భయానికి అసలు మందు వేరే ఉంది. పక్క షెడ్డుకు పోయి అదే పనిని అదే నాణ్యతతో చేయించుకునే దారి మనకుండాలి. ఆ దారిని మూసి ఉంచింది ఎవరో, వ్యాపారంలో పోటీ దెబ్బతినకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులోనే తేల్చింది. విడిభాగాలను, రిపేరు సమాచారాన్ని, స్కానింగ్ పరికరాలను బయటి గ్యారేజీలకు అందనీయడం లేదని 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. బయట రిపేరు చేయించుకుంటే చాలు వారంటీ మొత్తం పోతుందనే షరతు పెట్టకూడదనీ ఆదేశించింది. ఆ తర్వాత అప్పీళ్లు, కోర్టులు. 2022 డిసెంబర్‌లో కేంద్ర వినియోగదారుల శాఖ ‘రైట్ టు రిపేర్’ (మరమ్మతు హక్కు) పోర్టల్ తెచ్చింది, వాహనాలనూ అందులో చేర్చింది. పోర్టల్ వచ్చింది గానీ కంపెనీల మెడలు వంచే చట్టం రాలేదు.

ఇది ఢిల్లీ గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కొన్ని కార్లలో ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) యూనిట్‌లో చిక్కిన గాలిని పూర్తిగా తీయాలంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న స్కానర్ కావాలి. అంటే కొన్ని వందల రూపాయల బ్రేక్ పని కూడా మెల్లగా షోరూం చేతుల్లోకి జారిపోతోంది. కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతాయి, చిన్నపాండూరులో టైర్లు, శ్రీసిటీలో ఏకంగా వాహనాలే తయారవుతాయి. ఇంత ఉన్న జిల్లాలో ఐటీఐ చదివి షెడ్డు పెట్టుకున్న కుర్రాడి దగ్గర ఏ కంపెనీ సర్వీస్ మాన్యువలూ ఉండదు. యూట్యూబ్ చూసి నేర్చుకుంటాడు. వాడు తప్పు చేస్తే ‘లోకల్ మెకానిక్ అంతే’ అంటాం. వాడికి సమాచారం అమ్మడానికి కూడా ఒప్పుకోని కంపెనీని ఏమీ అనం.

షెడ్డువాళ్లకూ ఒక మాట చెప్పాలి. కంపెనీలు లెక్క దాస్తున్నాయని గోల పెట్టే మనం షెడ్డులో బిల్లే అడగం, వాళ్లూ ఇవ్వరు. ఏ కంపెనీ ప్యాడ్ వేశారు, ఏ గ్రేడ్ ఆయిల్ పోశారు, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర అన్న నాలుగు ముక్కలు కాగితం మీద లేకపోతే రేపు ఇంజిన్ వారంటీ గొడవ వచ్చినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా, వినియోగదారుల కమిషన్‌కు పోయినా చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. పార్టులపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతమే, ఇదివరకు చాలావాటికి 28 శాతం కట్టేవాళ్లం. బిల్లు వద్దంటే తగ్గిస్తాననే బేరానికి ఇదివరకున్నంత లాభం కూడా ఇప్పుడు లేదు.